రాయబారము – రచ్చ: పాండవోద్యోగమున సంధిప్రయత్నము

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా రెండు మాటలు చెప్పి ఊరకుందురు. పద్యము నల్లేరుపై బండివలె సాగుననునది ఒకటి. తిక్కన సోమయాజి సొమ్మును పుష్కలముగా వాడుకొనిరనునది రెండవది. రెండును నిజమే. కాని ఈ జంటనాటకములలో మొదటిదానికి ప్రధానవస్తువు యుద్ధము కాదు, యుద్ధమును ఆపుటకై జరిగిన ప్రయత్నము. ఆ ప్రయత్నమును గోదావరి మండలమునందలి పల్లెప్రజలు తరతరములుగా, రాత్రులకు రాత్రులు, ఒక్కచోట గుమిగూడి వినుచు వచ్చిరి. సంధిని గూర్చిన మాటలలో తెలుగు పల్లెలయందు ఇంతగా వినబడినవి మరి లేవని మా అభిప్రాయము. అట్టి మాటలను జనులు ఎట్లు వినిరి? కవులు వ్రాసినదియు, పందిరి క్రింద వినబడినదియు ఒకటియేనా? ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనినది ఈ ప్రశ్ననే.

జంటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన కడియమున జన్మించిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరము ప్రాంతమునందలి యెండగండిలో జన్మించిరి. ఒకరిది గోదావరికి తూర్పు, ఒకరిది పడమర. ధవళేశ్వరము ఆనకట్ట 1847–1852 సంవత్సరముల నడుమ కట్టబడినది. అనగా ధవళేశ్వరమునకు చేరువనున్న కడియమున వేంకటశాస్త్రిగారు పుట్టునాటికి కాలువనీరు ఇంకను ఒక తరము నాటి క్రొత్తసంపదయే. నీటితో వరి వచ్చినది. వరితో కొంత తీరిక, తీరికతో సభలు వచ్చినవి. నీటితోపాటు తగవులును వచ్చినవి. ఎగువ చేనివాడు బోదె మూసినచో దిగువ చేనివాడు ఊరి పెద్దల కడకు పోవలసినదే. దాయాదుల నడుమ భూమి తగవనునది డెల్టా రైతునకు పురాణకథ కాదు. (నేడు కడియము పేరు చెప్పగానే పూలమొక్కల తోటలు తలపునకు వచ్చును. మొక్కలు కొనవచ్చినవారిలో అది శతావధాని పుట్టిన ఊరని ఎరిగి వచ్చువారు కొలదిమందియే. అది వేరు మాట.)

ఈ నాటకము ఆడబడు తీరును గూర్చి ఒకటి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏలయన దానిని అచ్చుపుస్తకముగా మాత్రమే చదివినవారికి మేము చెప్పబోవు విషయము బోధపడదు. పంట ఇంటికి వచ్చిన తరువాత, శివరాత్రికో, శ్రీరామనవమికో, గ్రామదేవత జాతరకో ఊరివారు చందాలు వేసికొని నాటకమును కుదుర్తురు. తెర లేచునప్పటికి రాత్రి పదిగంటలు దాటును, ముగియునప్పటికి తెల్లవారును. ద్వారకలో శ్రీకృష్ణుడు పవళించియుండగా అర్జున దుర్యోధనులు సాయము కోరవచ్చు ఘట్టమునకు ‘పడకసీను’ అని పేరు. హస్తినాపుర సభాఘట్టమునకు ‘రాయబారము’ అనియే పేరు. ఈ రెండింటికిని వేరువేరు కృష్ణులు వచ్చుటయు, ఏ కృష్ణుడు మేలని మరునాడంతయు తర్కించుటయు అలవాటు. పీసపాటి నరసింహమూర్తి, బందా కనకలింగేశ్వరరావు, షణ్ముఖి ఆంజనేయరాజు ప్రభృతులు కృష్ణపాత్రమునకు పేరెన్నికగన్నవారు. 1960లో ‘శ్రీకృష్ణ రాయబారము’ చలనచిత్రముగా వచ్చిన తరువాత కూడ పందిళ్లు ఖాళీ కాలేదు. ఊరిలోని అన్ని పేటలవారును ఒకే చాపపై కూర్చుండిరని మేము చెప్పుట లేదు. కూర్చున్న తావులు వేరు. వినిన పద్యము మాత్రము ఒక్కటే.

ఇట్టి సభకు ఏమి కావలయునో ఈ కవులకు తెలిసినట్లు మరియొకరికి తెలియదు. వారు అవధానులు. సంస్థానములలోను, పట్టణములలోను సభ నడుమ కూర్చుండి, అడిగినవాని మాటకు అప్పటికప్పుడు పద్యముతో బదులు చెప్పి బ్రతికినవారు. సభ ఎప్పుడు మెచ్చునో, ఎప్పుడు ఆవులించునో వారికి వెన్నతో పెట్టిన విద్య. అందుచేతనే నాటకపద్యమున సమాసములను తగ్గించి వాడుకపలుకుబడిని దింపిరి. అందును ముఖ్యముగా చుట్టరికపు పిలుపులు. ద్వారకకు వచ్చిన బావను శ్రీకృష్ణుడు పలుకరించి ఇంటివారి క్షేమమును పేరుపేరున అడుగు పద్యమును ఎరుగనివారు డెల్టాలో అరుదు. ఆ పలకరింపు వినినవారికి కురుపాండవుల వైరము చక్రవర్తుల యుద్ధముగా కాక మేనరికములు కలిసిన ఒక పెద్దకుటుంబపు తగవుగా తోచును. తగవు అని తోచిన తోడనే అది తీర్పదగినదనియు తోచును. ఇది సామాన్యమైన పని కాదు. వ్యాసభారతమున విధివలె కనబడు యుద్ధము ఇచట రచ్చబండ యొద్దకు వచ్చినది. రచ్చ యను మాటకు ఊరిజనులు కూడు తావనియు, అల్లరియనియు రెండర్థములు మనకు వాడుకలోనున్నవి. నాటకమున ఆ రెండును కలవు.

ఇక పద్యములు. రాయబారఘట్టమున మిక్కిలి ప్రచారము పొందినవి మూడు. వానిని ఉదాహరింప బనిలేదు. ఈ పత్రిక చదువువారిలో వానిని కంఠస్థము చేయనివారుండరు. మొదటిది ఉత్పలమాల. పాండవులు తమకు జరిగిన కీడులను న్యాయాన్యాయములు విచారింపక ఓర్చుకొనిరి, అది గడచిన మాట, నేడు సంధికై నన్ను పంపిరి అని చెప్పి, పిల్లలును ప్రజలును వర్ధిల్లునట్లు పొత్తు చేసికొందువా లేక రేపు యుద్ధమును కూర్తువా తెలియజెప్పుమని శ్రీకృష్ణుడు దుర్యోధనుని అడుగును. ఇందు యుద్ధమునకు లభించిన చోటు నాలుగవపాదమున సగము మాత్రమే. అంతకుముందున్నదంతయు ఓర్పును గూర్చి, పిల్లలను గూర్చి, ప్రజలను గూర్చి. సంధివలన రాజునకు ఏమి లాభమో దూత చెప్పలేదు. సంధివలన ఎవరు బ్రతుకుదురో చెప్పినాడు.

రెండవది శార్దూలము. అర్జునుని ధ్వజముపై వానరుడు, తెల్లని గుఱ్ఱములు, దండము పట్టిన సారథి, చేత గాండీవము – ఇట్లు యుద్ధచిత్రము ఒకదానిపై ఒకటిగా పేరుకొనును. శిశువులకు కూడ నేర్పదగిన వీరరసపద్యముగా దీనికి ప్రసిద్ధి. కాని దీని వ్యాకరణమును ఎవరైన పరిశీలించిరా? ఆ చిత్రమంతయు అసమాపకక్రియల వరుస. అర్జునుడు అట్లు సేనను నఱకుచున్న ‘అప్పుడు’ అను కాలబోధక ఖండమునకు లోబడినది. పద్యమంతటికిని సమాపకక్రియ ఒక్కటే: నీ మొఱను ఒక్కడును ఆలకింపడు అనునది. దేనికొఱకు మొఱ? సంధికొఱకు. సంధిని చెప్పు క్రియతోనే పద్యము ముగియును. కావున వాక్యార్థమును బట్టి చూచినచో ఇది యుద్ధవర్ణనము కాదు. సంధికి వేళ మించిపోవునన్న హెచ్చరిక. రథము, గుఱ్ఱములు, గాండీవము ఆ వేళను సూచించు గడియారము వంటివి.

మూడవది చంపకమాల, మూడింటిలోను గొప్పది. కోపమన్నది ఎరుగని అజాతశత్రుడు కోపించిననాడు సముద్రములు ఏకమగుననియు, కర్ణులు పదివేలమంది ఉన్నను చత్తురనియు చెప్పుటవరకు అందరికిని తెలిసినదే. దాని తరువాత, మూడవపాదపు చివరనుండి, రెండు ప్రార్థనలు కలవు. నా మాట నమ్ముమనునది మొదటిది. ఆపదలో పడబోవు లోకులను కాపాడుమనునది రెండవది. భయపెట్టు క్రియలన్నియు భవిష్యదర్థకములు. దుర్యోధనుని ఉద్దేశించి చేయుమని చెప్పిన విధ్యర్థకక్రియలు ఈ రెండే. కవి మూడు పాదములలో కట్టిన ఉరుమంతయు ఈ నాలుగవపాదపు వానకొఱకు. పద్యమున లోకులు ప్రత్యక్షమగునది ఇచటనే. ఆ మాట పలుకునప్పుడు లోకులు నిజముగా ఎదుటనే, చాపలపై, కూర్చుండియుందురు.

ఇప్పుడు మేము విన్నదానిని చెప్పెదము. శార్దూలమున గాండీవము వచ్చునప్పటికే చప్పట్లు మొదలగును. చంపకమాలలో పదివేల కర్ణుల వద్ద గాయకుడు రాగమును అందుకొని, హార్మోనియము వెంటరాగా, ఊపిరి ఉన్నంతవరకు లాగును. సభ ‘ఒన్స్‌మోర్’ అని అరచును. మరల మొదటినుండి పాడును. నాలుగవపాదము ఆ కోలాహలమున త్వరత్వరగా దొర్లిపోవును. కొందరు గాయకులు దానిని స్పష్టముగా పలుకుదురు, నిజమే. కాని పలికినను వినబడదు. ఉత్పలమాలకు మాత్రము ఈ గతి పట్టలేదు. అందు రాగమునకు ఆయువుపట్టు వంటి యుద్ధచిత్రము లేదు. ప్రశ్నయే పద్యమునకు ప్రాణము. అందువలన అది ప్రశ్నగానే వినబడుచున్నది. మూడింటిని ఒకేచోట పెట్టి చూచినచో తేలునది ఇది: కవులు సంధిని ప్రధానవాక్యముగాను యుద్ధమును ఉపవాక్యముగాను వ్రాసిరి, రంగస్థలము ఉపవాక్యమును ప్రధానవాక్యముగా చేసినది. ఇందు నటులను మాత్రమే నిందించుట తగదు. కవులు ఉపవాక్యమునకు అంత అందము ఏల కల్పించిరని కూడ అడుగవలెను. సభ మెప్పు రుచి మరిగిన అవధానులు అచట తమ చేతిని ఆపుకొనలేదు. సంధిని ప్రబోధించు పద్యము లోపలనే యుద్ధమునకు ఇంత మోహము కల్పించుట దోషమా, గుణమా? నాటకదృష్టితో గుణమే. అయినను ఆ గుణమునకు చెల్లించిన వెల నాలుగవపాదము. సంధిఘట్టమును వ్రాసిన ఈ కవులే, బుద్ధచరిత్రమును కూడ రచించిన ఈ కవులే, తోటికవులతో ‘గీరతము’ వంటి గ్రంథములలో ఎంత కయ్యమునకు దిగిరో సాహిత్యచరిత్ర ఎరుగును. కయ్యపు రుచి వారికి తెలియనిది కాదు.

తిక్కన ఈ విషయమున వేరొక త్రోవ త్రొక్కెను. ఆయన శ్రీకృష్ణుడు దుర్యోధనునితో మాత్రమే మాట్లాడడు, సభతో మాట్లాడును. ధర్మమును పాపమును, సత్యమును అసత్యమును ముంచివేయుచుండగా నివారింప సమర్థులై యుండియు ఉపేక్షించినవారికి ఆ చేటు తగులునని చెప్పు ఉత్పలమాల ఉద్యోగపర్వమునకు నడుమ నిలిచిన స్తంభము. గమనింపవలసినదేమనగా, కౌరవసభలోని పెద్దలు మౌనముగా ఉండిరనుట నిజము కాదు. భీష్ముడు చెప్పెను, ద్రోణుడు చెప్పెను, విదురుడు చెప్పెను, గాంధారిని పిలిపించి ఆమెచేతను చెప్పించిరి. హితవునకు కొదువలేదు. దుర్యోధనుడు సభను విడిచిపోయిన పిమ్మట, ఒక్కనికొఱకు కులమంతయు నశింపరాదనియు, యాదవులు కంసుని విడిచిన విధమున వీనిని బంధించి సంధి చేసికొనుడనియు శ్రీకృష్ణుడు పెద్దలతో చెప్పెను. అంతవరకు మాటలాడినవారు అచట ఆగిపోయిరి. హితవు చెప్పుటకును అడ్డుపడుటకును నడుమనున్న ఈ దూరమే ఉద్యోగపర్వపు విషాదము. ఊరి తగవులలో పెద్దరికము వహించువారికి ఇది తెలియని సంగతి కాదు. జంటకవుల నాటకమున ఈ భాగమునకు బలము తగ్గినది. కృష్ణ దుర్యోధనుల సంవాదమే కేంద్రమగుటచే పెద్దలు ఆసనములకు అలంకారముగా మిగిలిరి. దీనివలన పందిరి క్రిందనున్న ప్రేక్షకునకు తనను పోల్చుకొనదగిన పాత్ర లేకపోయినది. అతడు శ్రీకృష్ణుడును కాడు, దుర్యోధనుడును కాడు. అతడు ఏదైన అయినచో సభ్యుడు. తిక్కన ఆ సభ్యుని పేరు పెట్టి పిలిచెను, నాటకము పిలువలేదు.

ఇచట ఒక ఆక్షేపము పుట్టును. శ్రీకృష్ణునకు సంధి పొసగదని ముందే తెలియును గదా, రాయబారము లోకనింద తప్పించుకొనుటకు పన్నిన ఉపాయమే గదా అని. మూలభారతమున విదురుడే ఇట్టి శంకను వేరొక రూపమున తెచ్చెను. వినని దుర్మార్గుల సభకు నీవు పోవుట నాకు సమ్మతము కాదనెను. శ్రీకృష్ణుడిచ్చిన సమాధానము పరిశీలింపదగినది. పని నెరవేరకపోయినను శక్తికొలది యత్నించినవానికి పుణ్యము దక్కును. చెడుదారి పట్టిన మిత్రుని జుట్టు పట్టుకొనియైన ఆపనివాడు మిత్రుడు కాడు. లోకమేమనుకొనునో అను మాటయు అందు కలదు, దాచలేదు. లోకము చూచుచున్నదని తెలిసి, ఎదుటివానికి ముందుగా, బహిరంగముగా, అడుగవలసినది అడిగి, త్రోవ విడిచి నిలుచుట కపటము కాదు. నాటకమును ఊరూర ఆడుచున్న కాలముననే మన దేశము అట్టి నడతను మరియొక రంగమున చూచినది. 1930 మార్చి 12న దండియాత్రకు బయలుదేరుటకు పూర్వము, మార్చి 2వ తేదీన, గాంధీజీ రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువునకు లేఖ వ్రాసి రెజినాల్డ్ రెనాల్డ్స్ అను ఆంగ్లయువకుని చేతికిచ్చి పంపెను. తాను చేయబోవునది ముందే చెప్పి, ఆపుటకు అవకాశమిచ్చెను. సీతానగరమున బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యముగారు నెలకొల్పిన గౌతమీ సత్యాగ్రహాశ్రమము ఈ గోదావరిమండలమునదే. ఆ ఆశ్రమపు మాటలు వినినవారిలోను రాయబారపద్యములు వినినవారిలోను ఉమ్మడిజనులు ఉండక మానరు. అయినను రెండింటిని ఒకటి చేయరాదు. ఒక లేఖ వెనుక ఉప్పు ఉన్నది. ఒక రాయబారము వెనుక ఏడు అక్షౌహిణులున్నవి.

సంధియని పేరు పెట్టుకొనిన ప్రతిమాటయు సంధి కాదనుటకు ఈ కథలోనే సంజయరాయబారము సాక్ష్యము. ధృతరాష్ట్రుడు సంజయునిచేత శాంతివచనములు పంపెనే గాని గజము నేల పంపలేదు. యుద్ధముచేత రాజ్యము పొందుటకంటె అంధకవృష్ణుల దేశమున బిచ్చమెత్తి బ్రతుకుట మేలని మూలమున సంజయుడు ధర్మరాజునకు బోధించును. నేలను పట్టుకొని కూర్చున్నవాడు నేల పోయినవానికి చెప్పు శాంతి ఇది. ధర్మరాజు కోపింపలేదు, తన భాగము నడిగి, కడపట అయిదూళ్లకు దిగెను. ఆ దిగుటలో పిరికితనము లేదు. ఎంత తగ్గించినను సున్న కాదని చెప్పుట అందున్నది. పాండవోద్యోగమున మాకు అన్నింటికంటె నచ్చినది ధర్మరాజు పాత్రమున ఈ నెమ్మది. దురదృష్టవశమున చప్పట్లకు అనువైన పద్యములు ఇచట తక్కువ. అందుచే రాత్రి పొడవు తగ్గింపవలసి వచ్చినప్పుడు ఈ ఘట్టముపైననే ముందు కత్తెర పడును. సంజయరాయబారము లేని కృష్ణరాయబారము వినినవానికి పాండవులు ఎంత తగ్గిరో తెలియదు. తెలియనిచో నాలుగవపాదపు ప్రార్థన బలహీనముగా తోచును, కర్ణులు చచ్చుట మాత్రమే రుచించును. ఈ కత్తెరకును ఆ చప్పట్లకును సంబంధము కలదని మా వాదము.

పరదేశములలో జనసభ యెదుట శాంతినాటకమాడిన ప్రసిద్ధసందర్భము ఒకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. క్రీ.పూ. 421లో ఏథెన్సు పౌరులయెదుట అరిస్టోఫనీసు ‘శాంతి’ యను ప్రహసనమును ప్రదర్శించెను. ద్రాక్షతోటల రైతొకడు పేడపురుగునెక్కి స్వర్గమునకు పోవును. గోతిలో పూడ్చబడిన శాంతిదేవతను త్రాళ్లు కట్టి పైకి లాగుట మొదట అందరును కలిసి ప్రయత్నించినను, చివరకు రైతులు మాత్రమే పట్టుపట్టి లాగినప్పుడు ఆమె వెలుపలికి వచ్చును. ప్రదర్శనమైన కొలదిదినములకే నిసియాసు పేరిట ఏథెన్సు స్పార్టాలకు సంధి కుదిరెను. అది ఎంతోకాలము నిలువలేదు. నాటకమువలన సంధి కుదిరినదని ఎవరును అనరు. కాని ఆ కవి ప్రేక్షకుని చేతికి త్రాడు ఇచ్చెను. మన నాటకమున ప్రేక్షకుని చేతికి చప్పట్లు తప్ప మరేమియు లేదు. రాజమహేంద్రవరమున చిలకమర్తివారు రచించిన ‘గయోపాఖ్యానము’లో సైతము కృష్ణార్జునుల కయ్యము ముదిరి, కడకు దేవతల జోక్యముచే అణగును, అచటను జనులు వేడుక చూచువారే. పురాణవస్తువును గ్రహించిన నాటకకర్తకు ఇది అనివార్యమైన పరిమితి అనవచ్చును. తిక్కన ఉదాహరణమును బట్టి చూచినచో అంత అనివార్యము కాదు.

పరిశోధకవిద్యార్థులకు ఇందు పని ఎంతో కలదు. ఈ నాటకమునకు అచ్చుప్రతి ఒకటి. సమాజములవారు చేతివ్రాతతో ఉంచుకొనిన ప్రదర్శనప్రతులు అనేకము. వానిలో ఏ పద్యములు విడువబడినవో, ఏవి తిక్కననుండియో ఇతరులనుండియో చేర్చబడినవో, సంజయరాయబారము ఏ ప్రాంతమున ఎంత నిలిచినదో గోదావరికి ఇరువైపుల ఊళ్లలో సేకరించి పోల్చినవారు లేరు. గ్రామఫోను పలకలపై ఒక్కొక్క పద్యమే ఎక్కుటవలన సందర్భము నుండి పద్యము విడిపోయిన విధమును కూడ ఇందులోనే విచారింపవలెను. వృద్ధనటులు కొందరు ఇంకను ఉన్నారు. నాలుగవపాదమును గురువులు తమకు ఎట్లు పాడ నేర్పిరో వారినే అడుగవచ్చును. రాగాలాపనమును మూడవపాదమున ఉంచుట ఎవరు మొదలుపెట్టిరో, అంతకు పూర్వము ఎక్కడ ఉండెడిదో తెలిసినచో, పైన మేము చేసిన నిర్ణయమును బలపరచుటయో త్రోసివేయుటయో చేయవచ్చును. కడియము, ధవళేశ్వరము, ద్వారపూడి పరిసరములనుండి ఈ పని ప్రారంభించుట సౌకర్యము.